వ్రేళ్ళ నేర్పును గుండె వేడియు

విద్యలను గుఱించిన తగవులలో ఎన్నటికిని పాతబడని తగవొకటి కలదు: నేర్పు గొప్పదా, భావము గొప్పదా యనునది. కవిత్వమున లక్షణమునకును రసమునకును నడుమ ఈ తగవు నడచినది. చిత్రలేఖనమున నడచినది. నేడు మన యిండ్లలోని యువకులు చెవియొగ్గి వినుచున్న రాక్ సంగీతమున, అందును గిటారు వాద్యమును గుఱించి, అది మఱింత తీవ్రముగా నడచుచున్నది. "ఫలాని వాదకుడు సెకనుకు పన్నెండు స్వరములు తప్పులేక వాయింపగలడు, వానికి సాటి యెవ్వడు?" అని యొకడనును. "అది యంత్రము చేయు పని. మూడే స్వరములతో కంట నీరు తెప్పించువాడే వాదకుడు" అని రెండవవాడనును. ఒకని కంటికి ఎదుటివాడు మొద్దు. ఎదుటివానికి వీడు రాయి.

మేమును ఈ వాదమును మా యింట పలుమాఱులు వింటిమి. పిల్లల ముచ్చటయని నవ్వి యూరకుంటిమి. అయితే కొన్ని నెలల క్రిందట మా మేనకోడలు మూడేండ్లుగా నేర్చుకొనుచున్న గిటారును సంచిలోబెట్టి అటకమీద వేసెను. కారణమడిగితిమి. "మామయ్యా, నా వ్రేళ్ళు సరిగానే నడచుచున్నవట గాని నాలో భావము లేదట. అది పుట్టుకతో రావలెనని మా గురువుగారు చెప్పిరి. పుట్టుకతో రానిదానిని సాధనచేసి యెట్లు తెచ్చుకొందును?" అని ఆమె తిరిగి మమ్ము ప్రశ్నించెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆ ప్రశ్నను మనసులో బెట్టుకొని ఈ వాద్యముయొక్క చరిత్రను కొంత పరిశీలించితిమి. మాకు దొరకిన సమాధానమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మూలము వెదకుచు బోయినవారికి దారిలో మొదట నొక పిశాచము ఎదురగును. ఇటలీ దేశమున జెనోవా పట్టణమున 1782లో జన్మించిన నికొలో పగనీని వయొలిన్ వాద్యమున అద్వితీయుడు. ఆతని 24 కాప్రిచోలు 1820లో అచ్చుపడినవి. నేటికిని అవి ఆ వాద్యము నేర్చువారికి గడ్డు పరీక్షలు. ఆతని హస్తలాఘవమును జూచిన జనులు అది మానవసాధ్యము కాదని తలచి, ఆతడు సైతానునకు ఆత్మ నమ్ముకొనెనని చెప్పుకొనిరి. తానును మనుష్యులకే పుట్టితినని లోకమును నమ్మించుటకు పాపమాతడు తన తల్లి వ్రాసిన జాబును పత్రికలో ప్రకటింపవలసివచ్చెను. 1840లో ఆతడు మరణించినపుడు మతాధికారి శ్మశానమున చోటీయ నిరాకరించెను. బాల్యమున తండ్రి ఆతనిచేత ప్రతిదినము గంటలకొలది నిర్బంధముగా సాధన చేయించెనను మాట మాత్రము కథ చెప్పువారికి రుచింపలేదు.

సుమారు నూఱేండ్ల తరువాత అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున అదే పిశాచము మఱల కనబడెను. అచ్చటి నల్లవారి పాటకు బ్లూస్ అని పేరు. రాక్ సంగీతమునకు అది తల్లి. ఆ పాటగాండ్రలో రాబర్ట్ జాన్సన్ యనునాతడు 1911లో పుట్టి 1938లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున గతించెను. 1936లో శాన్ ఆంటోనియోలోను, 1937లో డాలసులోను ఆతడు పాడి వాయించిన 29 పాటలు రికార్డులుగా మిగిలినవి. నాలుగు త్రోవల కూడలిలో అర్ధరాత్రమున సైతాను ఆతని గిటారును పుచ్చుకొని శ్రుతిచేసి యిచ్చెననియు, అందుకు ఆత్మయే వెలయనియు కథ పుట్టినది. నిజమునకు ఆ కథ టామీ జాన్సనను మఱియొక గాయకుని గుఱించి ఆతని సోదరుడు చెప్పినది. తరువాత రాబర్టునకు అంటుకొనెను.

జరిగినదేమి? సన్ హౌస్ అను పెద్ద గాయకుడు తరువాతి కాలమున చెప్పిన మాట యిది: కుఱ్ఱవాడైన రాబర్టు తమ పాటకచేరీలలో విరామము దొరకినప్పుడెల్ల గిటారు చేతబట్టి రొదచేయుచుండెను, వినలేక జనులు విసుగుకొనుచుండిరి. పిమ్మట వాడెచ్చటికో పోయెను. తిరిగివచ్చి వాయించినపుడు పెద్దలే నోళ్ళు తెఱచిరి. నడుమ ఆతడు చేసినదేమనగా, తాను పుట్టిన హేజిల్‌హర్స్ట్ ప్రాంతమునకు బోయి, ఐక్ జిమర్‌మన్ అను వాదకుని యింట నుండి శిష్యరికము చేసెను. ఎవ్వరికిని ఇబ్బంది కలుగకుండుటకై గురుశిష్యులు రాత్రులందు శ్మశానమున సమాధులపై కూర్చుండి సాధన చేయుచుండిరని జిమర్‌మన్ కుటుంబమువారు చెప్పిరి. సైతాను కథకును ఈ కథకును పోలికలున్నవి: రాత్రి యున్నది, నిర్జనస్థలమున్నది, గిటారు చేతికిచ్చి నేర్పువాడున్నాడు. లేనిది సైతాను మాత్రమే.

ఇందొక వింత గలదు. పగనీనిని లోకము నేర్పునకు పరాకాష్ఠ యనుచున్నది. జాన్సనును కల్తీలేని ఆవేదనకు ప్రతిమ యనుచున్నది. ఇద్దఱికిని అంటగట్టిన కథ యొక్కటే. ఆ కథ కప్పిపుచ్చినదియు నొక్కటే. అది సాధన. మనకు అందనిది యేది కనబడినను, దానివెనుక నెన్ని రాత్రులున్నవో లెక్కించుటకంటె అది వరమో శాపమో యనుకొనుట మనకు సుఖము.

ఈ సుఖమునకు జాన్సను జాతివారు చెల్లించిన వెల పెద్దది. బానిసత్వమునుండి విడివడి రెండు తరములైనను గాని నల్లవారికి మంచి బడులు లేవు, సంగీతశాలలలో ప్రవేశము లేదు. ఒకరి చేతిని జూచి యొకరు నేర్చుకొనిరి. రికార్డులు తిరుగుడు పెట్టెలమీద మఱలమఱల వేసికొని నేర్చుకొనిరి. అట్లు కూడబెట్టిన విద్యను తెల్లవారు మెచ్చుకొనునపుడు "వీరిది సహజమైన ఆవేశము, రక్తములోనే యున్నది" అనిరి. పైకి పొగడ్తవలె నున్నది గాని, దాని అర్థము "వీరు కష్టపడలేదు, వీరికి బుద్ధితో పనిలేదు" అనియే. మనము ఈ మాటకు కొత్తవారము కాము. సాలెవాని మగ్గముపనిని, శిల్పి యులిపనిని జూచి "కులవిద్య, పుట్టుకతోనే వచ్చినది" అని, వాని పదునైదేండ్ల కష్టమును ఒక్క మాటతో తుడిచివైచుట మన దేశమునను అలవాటే కదా.

స్త్రీల విషయమున ఈ తుడిచివేత రెండింతలు. సిస్టర్ రొసెట్టా థార్ప్ 1915లో ఆర్కాన్సా రాష్ట్రమున బుట్టి, మతప్రచారకురాలగు తల్లివెంట ప్రార్థనాసభలలో బాల్యమునుండి గిటారు వాయించెను. 1944లో ఆమె రికార్డుచేసిన పాటలోనే రాక్ సంగీతముయొక్క మొదటి యడుగులు వినబడుచున్నవని చరిత్రకారులు కొందఱు చెప్పుదురు. 1964లో ఇంగ్లండున మాంచెస్టరు నగరమున, వాడుకలోలేని రైలుస్టేషనులో, వాన వెలిసిన చల్లనిపూట ఆమె నిండుకోటు ధరించి విద్యుద్గిటారు వాయించిన దృశ్యము చలనచిత్రముగా నేటికిని నిలిచియున్నది. వ్రేళ్ళు తొట్రుపడవు, ముఖమున ఆనందము తొణకిసలాడును. ఆమెను మెచ్చినవారు "పురుషునివలె వాయించును" అనిరి. 1973లో ఆమె మరణించినపిదప ఆమె సమాధి చాలకాలము గుఱుతుబండ యైనను లేక యుండెను. రాక్ సంగీత ప్రముఖుల స్మారక మందిరమున ఆమెకు 2018లో గాని చోటు దొరకలేదు.

ఇక వాద్యమునకు వత్తము. పాతగిటారు ధ్వని మెత్తనిది. పెద్ద బృందమున బూరలమధ్య వినబడదు. 1932లో కాలిఫోర్నియాలో జార్జి బోషాము, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు తీగల దగ్గర అయస్కాంతమును, చుట్టిన రాగితీగను అమర్చి, తీగల కదలికను విద్యుత్తుగా మార్చి స్పీకరునకు బంపెడు గిటారును అంగడికి దెచ్చిరి. లియో ఫెండర్ 1950 ప్రాంతమున గట్టికొయ్యతో చేసిన గిటార్లను విరివిగా అమ్మనారంభించెను. దీనివలన ధ్వని పెద్దదగుటయే కాదు, నిలుచుట కూడ తటస్థించెను. మీటినవెంటనే ఆఱిపోవు స్వరము ఇప్పుడు కొన్ని నిమేషములు బ్రతికియుండును. కావున మీటిన తరువాత దానిని ఏమిచేయుదు మనునది వాదకుని ముందు నిలిచిన కొత్త ప్రశ్న.

ఆ ప్రశ్నకు మిక్కిలి యందమైన సమాధానము నిచ్చినవాడు బి.బి. కింగ్. ఆతడు 1925లో మిసిసిపీ ప్రత్తిచేల నడుమ బుట్టి 2015 వఱకు జీవించెను. ఆతని జ్ఞాతి బుక్కా వైట్ తీగలపై లోహపు గొట్టమును జార్చి వాయించుచుండెను. కింగునకు ఆ పని చేతగాలేదు. ఆ జారు నాదమును వట్టి వ్రేలితోనే రప్పింపవలెనని యత్నించి, ఎడమచేతిని తీగపై త్వరత్వరగా అల్లలాడించుట అలవఱచుకొనెను. ఆతని పేరు నిలిపినది ఆ కంపితమే. వేగము ఆతనికి లేదు. స్వరగుచ్ఛములు వాయించుట తనకు రాదని తానే చెప్పుకొనెడివాడు. అయినను ఒక్క స్వరము విని "ఇది కింగు" అని గుర్తింపవచ్చును.

ఇది వట్టి భావమందుమా? మన చెవికి ఈ విషయమున ఒక సౌలభ్యము గలదు. గమకమన నేమో మనమెఱుగుదుము. బ్లూస్ పాటలోని గాంధారము మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నెచ్చటనో నిలుచును. దానికి మెట్టు లేదు. తీగను ప్రక్కకు లాగి ఆ చోటు చేరవలెను. చేరి, అక్కడ ఊపవలెను. వెండ్రుకవాసి తక్కువైనచో అపస్వరము, ఎక్కువైనచో రుచిలేదు. ఎంత లాగవలెను, ఎప్పుడు విడువవలెను, తాళమునకు ఎంత వెనుకబడి మీటవలెను అనునవి కొలతలే. ఈ కొలతలు కాగితముపై వ్రాయుటకు లొంగవు. లొంగవు గనుకనే వానిని కొలతలని మనము గుర్తింపక "భావము" అను ఒక్క సంచిలో వేయుచున్నాము. వేగమన్ననో లెక్కకు వచ్చును. కావున దానినే నేర్పు అనుచున్నాము. ఈ తగవులోని మొదటి పొరపాటు ఇదియే యని మా యభిప్రాయము.

మోటుధ్వని చరిత్రయు ఇట్టిదే. 1951లో మెంఫిస్ నగరమున 'రాకెట్ 88' అను పాటను రికార్డు చేయుచుండగా విల్లీ కిజార్టు అను వాదకుని యాంప్లిఫయరు దారిలో దెబ్బతినియుండెను. శాం ఫిలిప్స్ అను రికార్డుశాల యధికారి దాని స్పీకరులో కాగితములు కుక్కి అట్లే వాయింపుమనెను. బొంగురుపోయిన ఆ ధ్వని జనులకు నచ్చినది. 1964లో ఇంగ్లండున కింక్స్ బృందములోని డేవ్ డేవీస్ తన స్పీకరు కాగితపు ముఖమును బ్లేడుతో కోసి అట్టి ధ్వనినే కోరి తెచ్చుకొనెను. మొదటిది ప్రమాదము, రెండవది నిర్ణయము. వినువానికి రెండును ఆవేశముగనే తోచును. కాని ప్రమాదమును విని, నచ్చినదానిని ఎంచి, కోరినపుడెల్ల మఱల రప్పించుకొనుటయే విద్య.

ఈ విద్యకు శిఖరము జిమీ హెండ్రిక్స్. 1942లో సియాటిల్ నగరమున బుట్టిన ఈ యెడమచేతివాటము నల్లవాడు, కుడిచేతివారికి చేసిన గిటారును తలక్రిందుచేసి, తీగలు మార్చి కట్టుకొని వాయించెను. 1967లో మాంటెరే ఉత్సవమున గిటారునకు నిప్పంటించుటచే లోకము ఆతనిని అగ్నివంటివాడనియే తలంచును. అంతకుముందు లిటిల్ రిచర్డు, ఐస్లీ సోదరులు మొదలగువారి వెనుక కూలి వాదకుడుగా నిలిచి ఆతడు గడపిన యేండ్లను తలచువారు తక్కువ. 1969 ఆగస్టు 18వ తేదీ యుదయమున వుడ్‌స్టాక్ ఉత్సవమున ఆతడు తన దేశపు జాతీయగీతమును వాయించెను. అది వియత్నాము యుద్ధకాలము. పాట నడుమ గిటారు బాంబువలె కూలినది, సైరనువలె ఏడ్చినది. స్పీకరునుండి వెలువడు ధ్వని మఱల తీగను తాకి కదలించునపుడు పుట్టెడు కూతను అందఱును దోషముగా నెంచుచుండిరి. ఆతడు ఎంత దూరమున నిలువవలెను, ఏ వైపునకు తిరుగవలెను, ఏ తీగను అణచవలెను అను నవన్నియు ఎఱిగి ఆ కూతను పాటలో నిమిడ్చెను. ఒక జాతి హృదయము రెండుగా చీలుట అందు వినబడును. అది వినబడునట్లు చేసినది నేర్పు. మఱుసటి యేడు, 1970 సెప్టెంబరు 18న, ఇరువదియేడేండ్ల వయసున ఆతడు లండనున మరణించెను.

ఆతని తరువాత త్రోవ రెండుగా చీలెను. ఒక త్రోవను బోయినవారు గిటారును వయొలినుతో సమానము చేయదలచిరి. డీప్ పర్పుల్ బృందములోని రిచీ బ్లాక్‌మోర్ ఐరోపా శాస్త్రీయ సంగీతపు స్వరక్రమములను రాక్ పాటలలోనికి దెచ్చెను. రెండవ త్రోవవారికి ఆ దీర్ఘవాదనములు విసుగు పుట్టించినవి. 1974లో న్యూయార్కున ఏర్పడిన రామోన్స్ బృందము 1976లో వెలువరించిన తొలి సంపుటమున 14 పాటలున్నవి. అన్నియు గలసి అరగంటకు మించవు. గిటారు ఏకాకిగా ప్రదర్శించుకొను భాగములు లేవనవచ్చును. పంక్ అను పేర ఈ యుద్యమము ఇంగ్లండునకు బ్రాకెను. మూడు స్వరగుచ్ఛములు వచ్చినచో చాలును, బృందము కట్టుడని 1977లో అచ్చటి చిన్నపత్రిక యొకటి బొమ్మలు వేసి మఱీ చెప్పెను. బడి లేనివారికి, డబ్బు లేనివారికి ఈ పిలుపు తలుపు తెఱచినది. ఆ మేలు చిన్నది కాదు. అయితే నేర్పును తిట్టిన ఆ బృందమునందే జానీ రామోన్ పాట పొడుగునను చేతిని క్రిందివైపునకే విసరి మీటుచుండెను. ఆ వేగమున, ఆ సమత చెడకుండ, గంటసేపు అట్లు మీటి చూడుడు; చేయి పడిపోవును. అది సాధన కాకపోయిన మఱేమి?

నేర్పువారి త్రోవ 1978లో కొత్త మలుపు తిరిగెను. ఆమ్‌స్టర్‌డాములో 1955లో పుట్టి, చిన్నతనమున కుటుంబముతో కాలిఫోర్నియా చేరిన ఎడ్డీ వాన్ హాలెన్, 'ఇరప్షన్' అను వాదనమున రెండుచేతుల వ్రేళ్ళతోను మెట్లపై తట్టి స్వరములు కురిపించెను. దాని నిడివి రెండు నిమిషములకు తక్కువ. రికార్డుశాలలో చేయి సడలించుకొనుటకు వాయించుకొనుచుండగా విన్నవారు దానిని రికార్డు చేసిరి. కోట్లమంది తప్పులేనిదని మెచ్చిన ఆ వాదనమున ఒక పొరపాటున్నదనియు, ఎప్పుడు వినినను ఇంకను బాగుగా వాయించియుండవలసినదని తోచుననియు ఆతడు చెప్పెడివాడు. ఆ తండ్రి వాద్యకాడు. కుమారుడు పియానో నేర్చెను గాని స్వరలిపిని చదువక చెవితోనే పట్టెడివాడు. తన గిటారును విడిభాగములతో తానే కూర్చుకొనెను.

ఆతని వెనుక వచ్చినవారు ఆతని చెవిని విడిచి వేగమును పట్టుకొనిరి. 1977లోనే హాలీవుడ్డున గిటారు విద్యకై ప్రత్యేకముగా నొక సంస్థ స్థాపితమయ్యెను. పత్రికలు పాఠములు ప్రకటించినవి. 1984లో స్వీడను దేశస్థుడగు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ తన సంపుటముతో ఆ వేగమునకు కొత్త హద్దు గీచెను. ఆతడు గిటారు పట్టుటకు కారణమేమో తెలిసినచో పాఠకులు ఆశ్చర్యపడుదురు: హెండ్రిక్స్ మరణించిననాడు టెలివిజనులో ఆతడు గిటారు తగులబెట్టు దృశ్యమును జూచి, ఏడేండ్ల బాలుడుగా, ఈ వాద్యమును చేపట్టెననియు, తరువాత పగనీని కృతులను విని ముగ్ధుడయ్యెననియు ఆతడే చెప్పుకొనెను. అగ్నికిని లెక్కకును పుట్టిన బిడ్డ ఆతడు. ఆతని నకలుచేసినవారికి లెక్క మాత్రమే చిక్కెను. స్వరములు సెకనుకు ఎన్ని యను పందెము పెరిగెను. 1990లో ఒక మాసపత్రిక స్టీవ్ వై యను వాదకుని పదిగంటల సాధనక్రమమును ముద్రించెను. పది గంటలు సాధనచేయుటలో దోషము లేదు. ఏమి చెప్పుటకు సాధన చేయుచున్నామో మఱచుటలో గలదు. భావపక్షమువారి నింద ఈ కాలమును గుఱించినంతవఱకు చాల భాగము న్యాయమే యని ఒప్పుకొనవలెను.

ఈ సందర్భముననే 1986లో 'క్రాస్‌రోడ్స్' అను చలనచిత్రము వెలువడెను. శాస్త్రీయ గిటారు చదువుచున్న యొక బాలుడు రాబర్ట్ జాన్సనుయొక్క తప్పిపోయిన పాటను వెదకుచు మిసిసిపీకి పోవును. తుదను ఒక ముదుసలి గాయకుని ఆత్మకొఱకు సైతాను వాదకునితో పోటీ. బాలుడు బ్లూస్ వాయించి సమానుడగును. గెలుచుటకు మాత్రము తాను బడిలో నేర్చిన విద్యను, పగనీని కాప్రిచో నొకదానినుండి కల్పించిన కృతిని ఉపయోగించును. సైతాను వాదకుడు దానిని అనుసరింపలేక ఓడును. ఆ సైతాను వాదకుని వేషము వేసినవాడు స్టీవ్ వై. వింత యేమన, గెలిచిన బాలుని తుది వాదనము కూడ తెఱవెనుక వాయించినది ఆతడే. ఓడిన చేతులును గెలిచిన చేతులును ఒక్కనివే. ఈ తగవును గుఱించి మేము వ్రాయదలచినదంతయు ఈ యొక్క సంగతిలో నిమిడియున్నది.

1991లో నిర్వాణ బృందము 'నెవర్‌మైండ్' సంపుటముతో వేగపు పందెమును ఒక్కసారిగా పాతబఱచెను. ప్రసిద్ధమైన మొదటి పాటలో కర్ట్ కొబేన్ గిటారు భాగము తాను పాడిన వరుసనే మఱల పలుకును. అంతకుమించి యేమియు లేదు. లోకము దానిని అచ్చపు ఆవేదన యనెను. కాని ఆ రికార్డును బుచ్ విగ్ అను నిర్మాత కంఠముపై కంఠమును పేర్చి, గిటారుపై గిటారును పేర్చి, మిక్కిలి జాగ్రత్తతో తీర్చెను. అది మఱీ నునుపెక్కినదని కొబేనే తరువాత విసుగుకొనెను. అట్లే పింక్ ఫ్లాయిడ్ బృందపు డేవిడ్ గిల్మర్ 1979లో వెలువరించిన 'కంఫర్టబ్లీ నంబ్' పాట చివరి వాదనము. అది వినుచు కన్నీరు కార్చినవారెందఱో. గిల్మర్ దానిని ఐదాఱు పర్యాయములు వేర్వేరుగా వాయించి, ఏ వరుస యెచ్చట బాగున్నదో కాగితముపై గుఱుతులు పెట్టుకొని, మేలైన తునకలను గూర్చి ఒక్కటిగా జేసెను. కన్నీరు నిజము. కాగితముపై గుఱుతులును నిజమే.

ఈ చరిత్రలో మన తెనుగుబిడ్డ కొక చోటున్నది. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిను వాద్యమున గమకము పలుకదని పెద్దలు సందేహించినపుడు, జంటతీగలను తీసివేసి ఐదు ఒంటితీగలు గట్టి, విద్యుత్తును జోడించి, కర్ణాటక సంగీతమును నిండుగా పలికించెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలికచేరీ చేసినపుడు ఆతడు తొమ్మిదేండ్ల బాలుడు. రాక్, జాజ్ వాదకులలో మహావేగశాలియని పేరొందిన జాన్ మెక్లాలిన్, అమెరికాలో ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చి, 1970 తరువాతి దశకమున శక్తి యను బృందమును స్థాపించి, మెట్లనడుమ కొయ్యను తొలిచిన గిటారుపై గమకముల కొఱకు యత్నించెను. తరువాతి కాలమున ఆ బృందము పునరుద్ధరింపబడినపుడు శ్రీనివాస్ ఆతని ప్రక్కన కూర్చుండెను. ఇద్దఱి వేగమును అసాధారణమే. అయినను ఆ కచేరీలలో మనసున నిలుచునది, ఒకరు విడిచిన స్వరమును మఱియొకరు చిఱునవ్వుతో అందుకొనుట. 2014లో నలుబదియైదేండ్లకే శ్రీనివాస్ మరణించినపుడు లోకము కోల్పోయినది వేగమును మాత్రమే కాదు.

ఇంతకును మా మేనకోడలి ప్రశ్నకు వత్తము. భావము ఎవ్వరికిని లేకపోలేదు. తల్లి కొట్టినచో ఏడ్చిన ప్రతి బిడ్డకును, స్నేహితురాలు ఊరు విడిచిపోవగా అన్నము సయింపని ప్రతి బాలికకును అది కలదు. పుట్టుకతో రానిది ఆ భావమునుండి తీగవఱకు గల త్రోవ. కింగు చేయి ఆడించుటలోను, హెండ్రిక్స్ స్పీకరు ముందు అడుగు కొలిచి నిలుచుటలోను, గిల్మర్ కాగితముపై గుఱుతు పెట్టుటలోను వేసికొన్నది ఆ త్రోవయే. వేగమునకే సాధనచేసినవాడు త్రోవ వేసి దానిపై నడువని వాడు. సాధనను తూలనాడువాడు నడువగోరి త్రోవ వేయనివాడు. "నీలో భావము లేదు" అని శిష్యురాలితో చెప్పు గురువు, తాను నేర్పవలసినదానిని నేర్పక తప్పును బిడ్డపై వేయుచున్నాడు. "నీ యీ స్వరము ఇంకను కొంచెము ఆలస్యముగా రావలెను; ఇచ్చట విడువక పట్టుము; ఈ చోట మౌనముగా నుండుము" అని చెప్పవలసినది. ఇవి చెప్పదగిన మాటలు, నేర్పదగిన సంగతులు. బిడ్డలను సంగీతమునకు బంపెడు తల్లిదండ్రులు గురువులను అడుగవలసినదియు ఇదియే.

మేమీ సంగతులు ఆమెకు చెప్పితిమి. ఆమె యేమియు బదులాడలేదు. మఱునాటి సాయంకాలము అటకనుండి సంచి దిగినది. ఇప్పుడు ఆమె గదిలోనుండి ఒక్క స్వరమే, లాగి విడిచి, లాగి విడిచి, అరగంటసేపు వినవచ్చుచున్నది. ఇంటివారికి కొంత విసుగే. సన్ హౌస్ కచేరీలోని శ్రోతలు కూడ విసుగుకొన్నవారే కదా యని మేము సహించుచున్నాము.